ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలు: అధికార భాష హోదా ప్రైవేటు బడి గేటు దాటేనా?

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. హిందీ, ఉర్దూ, నేపాలీ, ఒడియా, సంతాలీ, పంజాబీ వంటి భాషల సరసన తెలుగు చేరింది. ఆ నిర్ణయం వెనుక ప్రధానంగా ఉన్నది ఒక్క పట్టణం. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన విజ్ఞప్తులకు అది ఫలితం.

అధికార భాష హోదాకు ఒక పరిమితి ఉంది. ప్రభుత్వ కార్యాలయాల్లో అర్జీలు, ప్రకటనలు, ఉత్తర్వులు ప్రజల భాషలో ఉండాలన్నదే దాని ఉద్దేశం. ఒక భాష మాట్లాడేవారు పది శాతానికి మించి ఉన్న ప్రాంతాల్లో ఆ వెసులుబాటు కల్పించడం బెంగాల్ అనుసరిస్తున్న పద్ధతి. అయితే ఒక కుటుంబానికి తహసీలు కార్యాలయంతో ఏడాదికి ఒకటి రెండుసార్లే పని పడుతుంది. బడితో మాత్రం రోజూ పని ఉంటుంది. అర్జీకి దక్కిన గౌరవం ఆ ఇంటి పిల్లకు తరగతి గదిలో దక్కుతుందా అన్న ప్రశ్నకు 2020 నాటి నిర్ణయంలో జవాబు లేదు. ప్రైవేటు పాఠశాలల విషయంలో ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

ప్రైవేటు బడుల్లో వైవిధ్యం, సమ్మిళితత్వం గురించి దేశంలో జరిగే చర్చ సాధారణంగా రెండు కొలతల చుట్టూ తిరుగుతుంది. ఒకటి ఆదాయం, రెండవది కులం. ఖరగ్‌పూర్ వంటి వలస పట్టణంలో ఈ రెండు కొలతలూ సరిపోవు. అక్కడ బడి గేటు దగ్గర పిల్లను ఆపేది చాలాసార్లు ఇంటి భాష, తాతల సొంత రాష్ట్రం. ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, ఈ మూడవ కొలతను విద్యాహక్కు చట్టం మొదటి నుంచీ గుర్తిస్తూనే ఉంది.

పట్టాల వెంట వచ్చిన తెలుగు

ఖరగ్‌పూర్‌కు తెలుగు ఎలా వచ్చిందో తెలియాలంటే రైలు పటం చూడాలి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తూర్పు తీరం వెంట విజయవాడ నుంచి కటక్ వరకు 1893, 1896 సంవత్సరాల మధ్య రైలుమార్గం పడింది. అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. దానితో వాల్తేరు నుంచి హౌరా దాకా ఒకే యాజమాన్యం కింద బండ్లు నడిచాయి. ఆ దారిలో కంపెనీకి పెద్ద కర్మశాల ఉన్న కూడలి ఖరగ్‌పూర్.

నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి, పొరుగున ఉన్న గంజాం నుంచి మనుషులు కర్మశాల పనికి, ఇంజను షెడ్డుకు, పట్టాల మీద గ్యాంగు పనికి, పారిశుద్ధ్యం పనికి అక్కడికి చేరారు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక ఘట్టం. ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించిన వరాహగిరి వెంకటగిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. ఆయన తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారు.

రైల్వే కట్టిన ఊళ్లో ఇళ్లు, వీధులు హోదాను బట్టి ఏర్పడ్డాయి. కంపెనీ కాలంలో అధికారుల బంగళాలు ఒక వైపు, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగుల క్వార్టర్లు మరొక వైపు, కూలీల వరుస ఇళ్లు ఇంకొక వైపు ఉండేవి. జాతి, కులం, కుటుంబం అన్న భావనలను రైల్వే యంత్రాంగం తన కాగితాల్లో ఎలా స్థిరపరిచిందో మానవశాస్త్రవేత్త లారా బేర్ ఖరగ్‌పూర్ ఆధారంగా 2007లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఎవరి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది కూడా ఆ హోదాల లెక్కలోనే తేలేది. ప్రైవేటు బడుల నేటి పరిస్థితిని చర్చించేటప్పుడు ఈ నేపథ్యం మరువరానిది.

స్వాతంత్ర్యం తరువాత 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో ఉండేవి. 2003 ఏప్రిల్ 1న తూర్పుతీర రైల్వే పనిచేయడం మొదలయ్యాక వాల్తేరు అందులోకి వెళ్లిపోయింది. ఉత్తరాంధ్రకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య వందేళ్లుగా ఉన్న ఉద్యోగ బంధం ఆ మేరకు సడలింది. నిమ్‌పురా, మథురాకాటి, న్యూ సెటిల్‌మెంట్ ప్రాంతాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇక ఖరగ్‌పూరే సొంత ఊరు. అందుకే ఇది తిరిగి వెళ్లిపోయే వలస కూలీల సమస్య కాదు. ఆ ఊరి పౌరుల సమస్య.

రైల్వే బడి నుంచి ప్రైవేటు బడికి

రైల్వే ఉద్యోగుల పిల్లలకు ఒకప్పుడు రైల్వే బడే ఆధారం. తండ్రి ఏ భాషవాడైనా, ఏ షెడ్డులో పనిచేసినా పిల్లకు చోటు దొరికేది. ఆ వ్యవస్థ క్రమంగా కుదించుకుపోతోంది. రైల్వేలు పాఠశాలల నిర్వహణ నుంచి తప్పుకొని, ఉద్యోగుల పిల్లల చదువుకు ఇతర బడుల్లో సాయం చేయడం మేలని వివేక్ దేబ్రాయ్ కమిటీ 2015లో సూచించింది. 2021లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రిన్సిపల్ ఆర్థిక సలహాదారు సమర్పించిన నివేదిక కూడా రైల్వే బడులను కేంద్రీయ విద్యాలయ సంస్థకో, రాష్ట్ర ప్రభుత్వాలకో అప్పగించవచ్చని పేర్కొంది.

ఈ మార్పుతో ప్రైవేటు బడి మీద భారం పెరిగింది. ఖరగ్‌పూర్‌లో ఇంగ్లీషు మాధ్యమం చదువుకు క్రైస్తవ సంస్థలు నడిపే పాత బడులకు పేరుంది. ఐఐటీ ప్రాంగణంలో డీఏవీ మోడల్ స్కూలు ఉంది. వీటికి తోడు కొత్తగా వచ్చిన అనేక చిన్న, పెద్ద ప్రైవేటు బడులు ఉన్నాయి. తెలుగు తల్లిదండ్రులు కోరుకుంటున్నది కూడా చాలావరకు ఇంగ్లీషు మాధ్యమమే. తెలుగు రాష్ట్రాల్లోని తల్లిదండ్రుల కోరిక కూడా ఇంచుమించు ఇదే.

అయితే ఆ కోరిక తీర్చుకునే స్తోమత అందరికీ ఒక్క తీరుగా లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పిల్లల చదువు భత్యం ఉంది. ఏడవ వేతన సంఘం సిఫారసుల తరువాత అది ఒక్కొక్కరికి నెలకు 2,250 రూపాయలుగా, ఇద్దరు పిల్లల వరకు అమలైంది. కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి 2,812 రూపాయల 50 పైసలకు పెరిగింది. రైల్వేలో పర్మనెంటు ఉద్యోగికి ఈ సాయం అందుతుంది. అదే స్టేషనులో, అదే కోచ్‌ను శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికుడికి అందదు. గోల్‌బజార్‌లో తోపుడుబండి మీద టిఫిన్లు అమ్మే కుటుంబానికీ అందదు. కనుక ఖరగ్‌పూర్ తెలుగువారిని ఒకే ముద్దగా చూడడం పొరపాటు. జీతం, భత్యం, క్వార్టరు ఉన్నవారు ఒక వైపు, ఏ రక్షణా లేనివారు మరొక వైపు ఉన్నారు. సమ్మిళిత విద్య ఎవరికి కావాలో ఈ విభజనే చెబుతుంది.

చట్టంలో ఉన్న ఒక్క మాట

విద్యాహక్కు చట్టం 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 12(1)(సి) సెక్షను ప్రకారం ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడి ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను బడుగు, ప్రతికూల వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆ ఖర్చును ప్రభుత్వం నిర్ణీత మేరకు తిరిగి చెల్లించాలి. 13వ సెక్షను ప్రకారం ప్రవేశం సమయంలో పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయరాదు.

ప్రతికూల వర్గం అంటే ఎవరన్నది 2(డి) సెక్షను నిర్వచిస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల పేర్లతో ఆ నిర్వచనం ఆగిపోదు. సామాజిక, సాంస్కృతిక, ఆర్థిక, భౌగోళిక, భాషా, లింగ కారణాల వల్ల వెనుకబాటుకు గురైన ఇతర సమూహాలను కూడా సంబంధిత ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా చేర్చవచ్చని అంటుంది. ఆ వరుసలో 'భాషా కారణం' అన్న మాట స్పష్టంగా ఉంది. కొత్త చట్టం అక్కర లేదు, సవరణ అక్కర లేదు. ప్రభుత్వ ప్రకటన ఒక్కటి చాలు.

కానీ ఆ మాట ఖరగ్‌పూర్ పిల్లకు అక్కరకు రావాలంటే ముందుగా 25 శాతం నియమం అమలు కావాలి. ఆ నియమాన్ని ఆచరణలోకి తేకుండా దీర్ఘకాలం గడిపిన రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్ ఒకటి. తెలంగాణ కూడా అదే వరుసలో ఉంటూ వచ్చింది. సర్కారు బడులు అందుబాటులో ఉన్నప్పుడు ప్రైవేటు బడులకు ప్రజాధనం ఎందుకు చెల్లించాలన్న వాదన ఇటువంటి రాష్ట్రాల్లో తరచు వినిపిస్తుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే చట్టం ఆశించింది సీటు ఒక్కటే కాదు. వేర్వేరు ఇళ్ల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చోవాలని కూడా ఆశించింది. సర్కారు బడిని ఎంత బాగుచేసినా ఆ రెండో ఆశ దానంతట అది నెరవేరదు.

కులపత్రం దగ్గర ఆగే దారి

25 శాతం నియమం అమలైనా ఖరగ్‌పూర్ తెలుగు దళిత కుటుంబానికి మరొక చిక్కు ఎదురవుతుంది. రాజ్యాంగం 341, 342 అధికరణాల కింద షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికి ఒకటిగా ఉంటాయి. ఒక రాష్ట్ర జాబితాలో ఉన్న కులం పేరు మరొక రాష్ట్ర జాబితాలో ఉండాలన్న నియమం లేదు.

ఈ అంశం మీద సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఇచ్చిన ప్రధాన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయికి వెళ్లింది. అక్కడి వైద్య కళాశాలలో రిజర్వేషను సీటు కోరిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, సొంత రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని న్యాయస్థానం నిర్ణయించింది. ఒక ప్రాంతంలో వెనుకబాటుకు కారణమైన పరిస్థితులు మరొక ప్రాంతంలో ఉండకపోవచ్చు అన్నది దాని తర్కం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులకు ముందే ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలను బెంగాల్ నివాసులుగా లెక్కించినా, వారి కులం పేరు బెంగాల్ జాబితాలో ఉంటేనే ప్రయోజనం. మూడు తరాలుగా రైల్వే ప్లాట్‌ఫారాలను ఊడ్చిన ఇంటి పిల్ల ఈ విధంగా రెండు జాబితాల మధ్య చిక్కుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో పేరు ఉన్నా అక్కడ నివాసం లేదు. బెంగాల్‌లో నివాసం ఉన్నా జాబితాలో పేరు ఉంటుందన్న భరోసా లేదు.

భాషా కారణం అన్న మాట విలువ ఇక్కడే తెలుస్తుంది. కులపత్రం తలుపు మూసుకున్నచోట భాష తలుపు తెరవవచ్చు. అది రిజర్వేషనుకు ప్రత్యామ్నాయం కాదు. ఒకటో తరగతి సీటు వరకు మాత్రమే పనికివచ్చే, పరిమితమైన ఉపశమనం.

న్యాయస్థానాలు గీసిన గీతలు

ప్రైవేటు బడుల మీద ఈ బాధ్యత మోపడం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న తీర్పు చెప్పింది. సాయం పొందని మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ మినహాయింపును మైనారిటీ సంస్థలు అన్నింటికీ, సాయం పొందేవాటికి కూడా, విస్తరించింది. మిషనరీ బడులకు పేరున్న రైల్వే పట్టణాల్లో ఈ తీర్పు ప్రభావం ఎక్కువ. తల్లిదండ్రులు కోరుకునే పాత బడులు పలుచోట్ల 25 శాతం నియమం పరిధిలోకే రావు.

ఈ గీత శాశ్వతమా అన్నది ఇప్పుడు మళ్లీ చర్చకు వచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పు మీద సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలన అవసరమా అన్న ప్రశ్నను ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

2014 మే 6న వచ్చిన మరొక తీర్పు కూడా ఈ విషయంలో ముఖ్యమైనదే. కర్ణాటక కేసులో, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రైవేటు బడుల మీద ప్రభుత్వం రుద్దజాలదని, మాధ్యమం ఎంపిక తల్లిదండ్రుల హక్కని న్యాయస్థానం తేల్చింది. అంటే ప్రైవేటు బడిని తెలుగు మాధ్యమంలోకి మారమని ఎవరూ ఆదేశించలేరు. ఖరగ్‌పూర్ తల్లిదండ్రులూ దానిని కోరడం లేదు. ఇంగ్లీషులో పాఠాలు సాగే బడిలో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండవచ్చా అన్నదే అసలు ప్రశ్న.

మైనారిటీ అన్న మాటకు మతం ఒక్కటే ఆధారం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భాషా మైనారిటీలను రాష్ట్రాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని నిర్ణయించాలని 2002 అక్టోబరులో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ లెక్కన బెంగాల్‌లో తెలుగువారు భాషా మైనారిటీ. 30వ అధికరణం కింద సొంత విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కు వారికీ ఉంది. అయితే కార్మిక కుటుంబాలు ఎక్కువగా ఉన్న సమాజానికి బడి కట్టే హక్కు కన్నా, ఉన్న బడిలో చోటు దొరికే హక్కే ముందు అవసరం.

సీటు దొరికితే సరిపోతుందా?

చేరిన పిల్ల ఎదుర్కొనే పరిస్థితిని కూడా పరిశీలించాలి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఊరి భాష బెంగాలీ, పాఠాలు ఇంగ్లీషు. రెండో భాషగా బడి ఇచ్చే ఎంపిక సాధారణంగా బెంగాలీ, హిందీలకే పరిమితం. ఫలితంగా తెలుగు నోటి మాటగా మిగిలి, లిపి జారిపోతుంది. అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేని తరం తయారవుతుంది. బడి సమావేశంలో తల్లి మాట్లాడలేకపోతే అది ఆమె అశ్రద్ధగా లెక్కకు వస్తుంది.

దీనిని సరిదిద్దడానికి పాఠ్యప్రణాళిక అడ్డు కాదు. సీబీఎస్‌ఈ తన భాషా సబ్జెక్టుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యాంశాలతో రెండు తెలుగు సబ్జెక్టులను అందిస్తోంది. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యా మండలి ప్రథమ భాషల జాబితాలో తెలుగు ఉంది. బోర్డు అనుమతిస్తుంది, పుస్తకం ఉంది, పరీక్ష ఉంది. లేనిది బడిలో ఉపాధ్యాయుడు.

ఎంతమంది ఉంటే ఉపాధ్యాయుడిని నియమించాలన్న ప్రశ్నకు దేశం ఎప్పుడో జవాబు చెప్పింది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. ఒక భాష పిల్లలు బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో పదిమంది ఉంటే ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించేందుకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది ఆ సూత్రం. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. ఆ రక్షణల అమలును పర్యవేక్షించే భాషా మైనారిటీల కమిషనర్‌కు కోల్‌కతాలో ప్రాంతీయ కార్యాలయం కూడా ఉంది.

ఇతర దేశాల అనుభవం చూస్తే స్వీడన్ మరింత ముందుకు వెళ్లింది. అక్కడ కనీసం ఐదుగురు విద్యార్థులు కోరి, తగిన ఉపాధ్యాయుడు దొరికితే మాతృభాషా పాఠం ఏర్పాటు చేయాలి. ప్రైవేటు యాజమాన్యంలోని స్వతంత్ర పాఠశాలలకూ ఆ బాధ్యత వర్తిస్తుంది. ఐదుగురు ఒకే తరగతిలో ఉండనక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు వారంలో వేర్వేరు బడులకు తిరిగి పాఠం చెప్పవచ్చు. ఖరగ్‌పూర్ వంటి పట్టణానికి ఇది అసాధ్యమైన పద్ధతి కాదు.

అభ్యంతరాల్లోని న్యాయం

ప్రైవేటు యాజమాన్యాల ఆందోళనను తోసిపుచ్చలేము. ప్రభుత్వం చెల్లించాల్సిన సొమ్ము ఆలస్యమైతే చిన్న బడి తట్టుకోలేదు. కొద్దిమంది కోసం ప్రత్యేక ఉపాధ్యాయుడిని నియమిస్తే ఆ ఖర్చు మిగతా తల్లిదండ్రుల ఫీజులోకి చేరుతుంది.

స్థానికుల అభ్యంతరం మరొకటి. బెంగాల్‌లో బెంగాలీ పేద పిల్లకే సీటు దొరకనప్పుడు తెలుగు పిల్లకు భాష పేరుతో వెసులుబాటు ఎందుకన్నది వారి ప్రశ్న. ఆ చుట్టుపక్కల సంతాలీ మాట్లాడే పిల్లలు ఉన్నారు. ఒడియా, హిందీ కుటుంబాలు ఉన్నాయి. భాష ఎంత సున్నితమైన విషయమో బెంగాల్‌కు తెలుసు. అన్ని బడుల్లో బెంగాలీ తప్పనిసరి చేస్తామన్న 2017 మే నాటి ప్రకటన దార్జిలింగ్ కొండల్లో పెద్ద ఆందోళనకు దారితీసింది.

ఈ అభ్యంతరాలకు జవాబు ప్రతిపాదనలోనే ఉండాలి. భాష ఒక్కటే అర్హత అయితే భత్యం పొందే ఉద్యోగి పిల్లే ముందుగా సీటు అందుకునే ప్రమాదం ఉంది. కనుక భాషతో పాటు ఆదాయ పరిమితి తప్పనిసరి. తెలుగుకు ఇచ్చే సౌకర్యం సంతాలీకీ, ఒడియాకూ అదే కొలతతో అందాలి. బెంగాలీని నేర్వడం తెలుగు పిల్లకు భారం కాదు, అవసరం. ఊరి భాష రానివాడికి ఊళ్లో ఉద్యోగం దొరకదు. తెలుగు ఉండాల్సింది బెంగాలీ స్థానంలో కాదు, దాని పక్కన.

కలిసి చదవడం వల్ల చదువు దెబ్బతింటుందన్న భయానికి పరిశోధన కొంత జవాబు ఇచ్చింది. ఢిల్లీలో రాయితీ భూమి పొందిన సంపన్న ప్రైవేటు బడులు పేద పిల్లలను చేర్చుకోవాలన్న నిబంధన 2007లో అమలైంది. ఆర్థికవేత్త గౌతమ్ రావు అక్కడ చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. పేద సహపాఠులు ఉన్న సంపన్న పిల్లల్లో ఉదార స్వభావం పెరిగిందని, రిలే పరుగుకు జట్టు సభ్యులను ఎంచుకునే వేళ వివక్ష తగ్గిందని ఆ అధ్యయనం కనుగొంది. గణితం, హిందీ మార్కుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఇంగ్లీషులో మాత్రం స్వల్ప తగ్గుదల కనిపించింది. ఆ తగ్గుదలను దాచనక్కరలేదు. భాషా బోధనకు అదనపు సాయం అవసరమని అదే చెబుతోంది.

తెలుగు రాష్ట్రాల బాధ్యత

ఖరగ్‌పూర్‌లో తెలుగుకు న్యాయం కోరే గొంతు హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ అదే మాట చెప్పగలగాలి. తెలంగాణ 2018లో చేసిన చట్టం అన్ని బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. రాష్ట్ర భాష నిలబడాలన్న ఆకాంక్ష సహజం. అదే సమయంలో ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల పిల్లల చదువు ఆ రాష్ట్రంలో ఇప్పటికీ ఒక సమస్యే.

ఆంధ్రప్రదేశ్ 2022 నుంచి 25 శాతం ప్రవేశాలను చేపట్టింది. అందులో అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు 5 శాతం, షెడ్యూల్డు కులాలకు 10, తెగలకు 4, ఇతర బడుగు వర్గాలకు 6 శాతం అన్న పంపకం ఉంది. ఆ పంపకంలో భాషకు విడిగా చోటు లేదు. ప్రతి రాష్ట్రం తన గడప లోపలి భాషా మైనారిటీని మరచి, పొరుగు రాష్ట్రంలోని తనవారి గురించి మాట్లాడడం ఈ సమస్యకున్న మరొక పార్శ్వం.

ముందున్న దారి

ఖరగ్‌పూర్ విషయంలో చేయదగిన పనులు నాలుగు. ఒకటి, 12(1)(సి) సెక్షనును పశ్చిమ బెంగాల్ ఆచరణలోకి తేవడం. రెండు, 2(డి) సెక్షను కింద తక్కువ ఆదాయం ఉన్న భాషా మైనారిటీ పిల్లలను ప్రతికూల వర్గంగా ప్రకటించడం. మూడు, బడులన్నిటికీ ఉమ్మడిగా, ప్రభుత్వ ఖర్చుతో తెలుగు ఉపాధ్యాయులను నియమించడం. వారి శిక్షణలో, పుస్తకాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పాలుపంచుకోవచ్చు. నాలుగు, ప్రవేశ దరఖాస్తులను అధికార భాషలన్నిటిలో ఉంచడం. ఈ నాలుగో పనికి పెద్దగా ఖర్చు లేదు. 2020 నాటి నిర్ణయ స్ఫూర్తి అందుకు చాలు.

ఆలస్యం వల్ల కలిగే నష్టం కూడా గమనించదగినది. ఒకటో తరగతి సీటు ఒక పిల్లకు జీవితంలో ఒక్కసారే వస్తుంది. చట్టం అమల్లోకి వచ్చిన 2010లో ఆరేళ్లున్న ఖరగ్‌పూర్ పిల్లలు ఈ సరికి ఇరవై దాటారు. వారిలో ఎందరో ఈ నియమం పేరైనా వినకుండానే బడి వయసు దాటిపోయారు. కోర్టుల్లో గీతలు మారవచ్చు, ప్రభుత్వాల మధ్య లెక్కలు తేలవచ్చు. ఏటా బడి ఈడుకు వచ్చే పిల్లలకు మాత్రం ఆ తీరిక లేదు. కార్యాలయంలో తెలుగు అర్జీని స్వీకరించిన రాష్ట్రం, ఆ అర్జీ రాయగల పిల్లలు తయారయ్యే బడి గురించి కూడా ఆలోచించినప్పుడే అధికార భాష హోదాకు సార్థకత ఉంటుంది.